నీళ్లు తాగిన ఆర్‌ఎక్స్-8: ఇంజిన్ మార్చాక లాగ్‌బుక్‌లో నంబరు మార్పించుకునే విధానం

బ్రిటన్‌లో సెకండ్‌హ్యాండ్ కార్లు వెతికేవాళ్లను చౌక ధరతో ఊరించే బండ్లలో మాజ్దా ఆర్‌ఎక్స్-8 ఒకటి. చూపుకి స్పోర్ట్స్ కారు, లోపల రోటరీ ఇంజిన్. చౌకగా ఎందుకు అమ్ముతున్నారో చాలామందికి మొదటి పెద్ద వాన పడ్డాక గానీ తెలీదు. ఇంజిన్ నీళ్లు తాగి ఆగిపోయి, వేరే ఇంజిన్ వేయించుకున్నవాళ్లు లాగ్‌బుక్‌లో, అంటే బండి రిజిస్ట్రేషన్ పుస్తకంలో, ఇంజిన్ నంబరు మార్పించుకోవడానికి లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏకి ఏం పంపాలో ఇక్కడ రాస్తున్నాను. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ అన్నిటికీ ఇదే పద్ధతి.

ముందు ఇంజిన్ సంగతి కొంచెం తెలుసుకోవాలి, కాగితాలన్నీ దాన్నిబట్టే నడుస్తాయి. ఈ ఇంజిన్‌లో పిస్టన్లు ఉండవు. మూడు మూలల రోటర్లు రెండు, ఒక్కొక్కటీ 654 సీసీ, మొత్తం 1308 సీసీ. దీని కట్టుబడి అచ్చం ఐదు గిన్నెల టిఫిన్ క్యారియర్. ఇనుప పలక, అల్యూమినియం హౌసింగ్, మళ్లీ పలక, మళ్లీ హౌసింగ్, చివర మరో పలక. వీటన్నిటినీ పొడవాటి బోల్టులు బిగించి పట్టుకుంటాయి.

నీళ్లు దీన్ని రెండు దారుల్లో చెడగొడతాయి. వరద నీళ్లలో బండి పోనిస్తే గాలితోపాటు నీళ్లు లోపలికి వెళ్తాయి. గాలి నలిగినట్టు నీళ్లు నలగవు. మామూలు ఇంజిన్‌లో అయితే కనెక్టింగ్ రాడ్ వంగేది. ఇక్కడ రాడ్లే లేవు కాబట్టి దెబ్బ రోటర్ మూలల్లో ఉండే అపెక్స్ సీళ్ల మీద పడుతుంది. నాటింగ్‌హమ్‌షైర్‌లో రఫర్డ్ దగ్గర వాగు దాటే రోడ్డు ఒకటి ఉండేది. అక్కడ కార్లు ఒకదాని వెనక ఒకటి నీళ్లు మింగి ఆగిపోయే వీడియోలు మీరూ చూసే ఉంటారు. 2022 డిసెంబరులో ఆ దారి మూసేశారు. రెండో దారి బయటికి కనపడదు. ఇంజిన్ బాగా వేడెక్కితే పలకల మధ్య ఉండే కూలెంట్ సీళ్లు దెబ్బతిని, రేడియేటర్ నీళ్లు కొద్దికొద్దిగా లోపలికి కారతాయి. తెల్ల పొగ, తగ్గిపోయే కూలెంట్, పొద్దున్నే మొరాయించే స్టార్టింగ్ దీని గుర్తులు.

ఏ దారిన పోయిందో ముఖ్యం, ఎందుకంటే ఇన్సూరెన్స్ ప్రశ్న అక్కడే తేలుతుంది. వరద నష్టానికి సాధారణంగా కాంప్రహెన్సివ్ పాలసీలో దారి ఉంటుంది. థర్డ్ పార్టీ పాలసీ తీసుకున్నవాళ్లకు రాదు. కూలెంట్ సీలు అరిగి పోతే దాన్ని మెకానికల్ రిపేరు కింద చూస్తారు, కాబట్టి ఖర్చు మీదే. వరదలో ఆగిన బండిని మాత్రం దయచేసి మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీయించి, నీళ్లు బయటికి పంపి, ఆయిల్ మార్పించి చూడాలి. ఇదంతా వెంటనే జరగాలి. ఇనుప పలకలకు తుప్పు పట్టాక సీళ్లు కదలవు. తర్వాత రోటరీ ఇంజిన్లకోసం ఉండే టెస్టర్‌తోనే కంప్రెషన్ చూపించండి. మామూలు గేజి రోటర్ మూడు ముఖాలనూ విడివిడిగా చూపించదు.

ఇక గ్యారేజ్‌వాడు ఇంజిన్ పోయిందని తేల్చాక, డబ్బుల కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నా ఇంజిన్‌నే విప్పి బాగుచేస్తారా, లేక దీన్ని తీసుకుని ఇంకోటి వేస్తారా? మీ ఇంజిన్‌నే తిరిగి కట్టి, నంబరు చెక్కిన భాగం అలాగే ఉంటే డీవీఎల్ఏకి ఏమీ పంపనక్కర్లేదు. మార్పిడి ఇంజిన్ వేసినా, టిఫిన్ క్యారియర్‌లో నంబరున్న గిన్నే మారిపోయినా, నంబరు మారినట్టే. ఆ నంబరును బండిలో బిగించకముందే ఫోటో తీయించండి. బిగించాక పైపుల మధ్యలోంచి చదవడం చాలా కష్టం.

రెండో జాగ్రత్త. బండి వారాల తరబడి గ్యారేజ్‌లోనో సొంత డ్రైవ్‌వేలోనో నిలబడేటట్టయితే లాగ్‌బుక్ పోస్టులో వేయకముందే ఎస్‌ఓఆర్‌ఎన్ పెట్టుకోండి. అంటే బండి రోడ్డు మీద లేదని ప్రకటించడం. ఆన్‌లైన్‌లో చేయొచ్చు, ఫోన్‌లో చేయొచ్చు, వి890 ఫారంతో పోస్టులోనూ చేయొచ్చు. లాగ్‌బుక్ మీద ఉన్న 11 అంకెల నంబరు వాడితే వెంటనే అమల్లోకి వస్తుంది. టాక్స్ రిమైండర్ మీది 16 అంకెల నంబరు వాడితే వచ్చే నెల ఒకటో తారీకు నుంచే. మిగిలిన పూర్తి నెలల టాక్స్ తిరిగి వస్తుంది. ఈ కారుకు అది చిన్న మొత్తమేమీ కాదు: 2006 మార్చి 23 నుంచి రిజిస్టరైన ఆర్‌ఎక్స్-8లు పొగ లెక్కలో అన్నిటికన్నా ఖరీదైన టాక్స్ శ్లాబులో ఉన్నాయి. టాక్సూ కట్టక, ఎస్‌ఓఆర్‌ఎన్ కూడా పెట్టకపోతే 80 పౌండ్ల జరిమానా దానంతటదే ఇంటికొస్తుంది. పెట్టాక మాత్రం బండిని వీధిలో ఉంచకూడదు. ముందే బుక్ చేసుకున్న ఎంఓటీ పరీక్షకు (బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూసే తనిఖీ) తప్ప నడపకూడదు.

ఇప్పుడు అసలు దరఖాస్తు. దీనికి వేరే ఫారం అంటూ లేదు, వి5సి లాగ్‌బుక్కే ఫారం. అందులో పి.5 అని ఉన్నచోట ఇంజిన్ నంబరు, పి.1 దగ్గర సీసీ ఉంటాయి. ముందు పేజీలో రంగురంగుల నంబరు గళ్లున్న కొత్త రకం పుస్తకమైతే 1వ సెక్షన్‌లో, పాత రకమైతే 7వ సెక్షన్‌లో మార్పు రాయాలి. ఆర్‌ఎక్స్-8కి ఆర్‌ఎక్స్-8 ఇంజినే వేస్తే సీసీ మారదు, నంబరొక్కటే మారుతుంది. 192 హార్స్‌పవర్ బండిలో 231 ఇంజిన్ వేయించినా సీసీ 1308 దగ్గరే ఉంటుంది. కానీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ సంగతి చెప్పి తీరాలి. చెప్పకపోతే రేపు క్లెయిమ్ రోజున టెన్షన్ మీకే.

దాంతోపాటు రుజువు ఒకటి కావాలి. కొత్తగా వేసిన ఇంజిన్ రసీదు, తయారీ కంపెనీ రాసిచ్చిన పత్రం, ఇన్సూరెన్స్ కోసం చేసిన తనిఖీ రిపోర్టు, వీటిలో ఏదైనా సరిపోతుంది. మీరు కొనకముందే పాత యజమాని ఇంజిన్ మార్పించి ఊరుకుని ఉంటే, గ్యారేజ్ లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన ధ్రువీకరణ పంపొచ్చు. నా అభిప్రాయంలో మొత్తం దరఖాస్తుకు ప్రాణం ఆ రసీదే. ‘రోటరీ ఇంజిన్ ఒకటి’ అని గీకిచ్చిన చీటీ తీసుకోకండి. కారు నంబరు, ఇంజిన్ నంబరు, తారీకు, గ్యారేజ్ పేరు అన్నీ అందులో ఉండేలా పట్టుబట్టండి. నగదు ఇచ్చి రసీదు లేకుండా ఇంజిన్ కొంటే, ఆ ఇంజిన్ ఎక్కడిదో మీకూ తెలీదు, డీవీఎల్ఏకీ తెలీదు.

వి5సిని, రుజువును కలిపి డీవీఎల్ఏ, స్వాన్సీ, ఎస్ఏ99 1బీఏ చిరునామాకు పంపాలి. ఫీజు లేదు. పంపేముందు ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి, పోస్టాఫీసులో పంపినట్టు రసీదు తీసుకోండి. పుస్తకం అక్కడున్నన్నాళ్లూ బండి అమ్మకం మాట ఎత్తకపోవడం మంచిది.

మన ఆర్‌టీఓ పద్ధతికి అలవాటు పడ్డవాళ్లకు ఇది మరీ తేలిగ్గా అనిపిస్తుంది. మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా మారిస్తే 14 రోజుల్లో తెలపాలి. బ్రిటన్‌లో మార్చాకే పోస్టులో చెప్తారు.

ఇన్సూరెన్స్ వాళ్లు బండిని రైటాఫ్ చేస్తే, అంటే బాగుచేయించడం దండగని తేలిస్తే, దారి వేరు. ఏ, బీ కేటగిరీలైతే బండి మళ్లీ రోడ్డెక్కదు. ఎస్ అంటే బాడీ నిర్మాణం దెబ్బతిన్నది, ఎన్ అంటే నిర్మాణం బాగానే ఉంది. ఈ రెండిట్లో బండిని మీరే ఉంచుకోవచ్చు. ఎన్ అయితే లాగ్‌బుక్ మీ దగ్గరే ఉంటుంది. ఎస్ అయితే దాన్ని ఇన్సూరెన్స్ కంపెనీకి ఇచ్చేసి, వి62 ఫారంతో ఉచితంగా ఇంకోటి తెప్పించుకోవాలి. ఇంజిన్ నంబరు మార్పు ఆ కొత్త పుస్తకం వచ్చాకే.

స్వాన్సీ నుంచి కొత్త వి5సి రాగానే కవరు పక్కన పడేయకుండా, పి.5 దగ్గర అచ్చయిన నంబరును బిగించకముందు తీసిన ఫోటోతో పోల్చి చూడండి. సున్నాకీ ‘ఓ’ అక్షరానికీ మధ్య తేడా పడటం మామూలే. తప్పుంటే సరైన నంబరు రాసి, అదే చిరునామాకు తిప్పి పంపాలి.