నెట్ కంపెనీ మారాక ఇంట్లో సిగ్నల్ బూస్టర్ పనిచేయకపోతే

అమెరికాలో ఇళ్లకి వాడే సిగ్నల్ బూస్టర్లు రెండు రకాలు. కప్పు మీద యాంటెనా పెట్టి, బయటి టవర్ సిగ్నల్‌నే పెంచి ఇంట్లోకి పంపేది ఒకటి. దీనికి బ్రాడ్‌బ్యాండ్‌తో పనిలేదు కాబట్టి, నెట్ మార్చిన రోజే అది ఆగిందంటే కారణం వేరే ఎక్కడో ఉంది: కొత్త లైన్ లాగడానికి వచ్చినవాళ్లు కోయాక్స్ వైరు (కేబుల్ టీవీకి వాడే లాంటి గుండ్రటి వైరు) పీకారేమో చూడండి. రెండోది మొబైల్ కంపెనీ ఇచ్చే చిన్న పెట్టె. వెనక ఈథర్‌నెట్ కేబుల్ ఉంటుంది, ఇంటి నెట్ మీద నడుస్తుంది. వెరిజాన్ నెట్‌వర్క్ ఎక్స్‌టెండర్, టీ-మొబైల్ సెల్‌స్పాట్, ఏటీ అండ్ టీ సెల్ బూస్టర్ లాంటివన్నీ ఈ కోవలోవే. ఇక్కడ చెప్పేది ఈ రెండో రకం గురించి. మీది 3జీ కాలం నాటి పెట్టె అయితే మాత్రం ఏం చేసినా లాభం లేదు. ఈ మూడు కంపెనీలూ 2022లోనే 3జీ మూసేశాయి.

ఎక్స్‌ఫినిటీ (కామ్‌కాస్ట్ వాళ్ల కేబుల్ నెట్) తీసేసి ఫైబర్ పెట్టించుకున్నాక ఈ పెట్టె మొరాయిస్తే చాలామంది వెంటనే అనుమానించేది కంపెనీల మధ్య పోటీని. ఫోన్ ఒకరిది, నెట్ ఇంకొకరిది, కావాలని ఆపేశారేమో అని. అలాంటిదేమీ ఉండదు. పెట్టెకి కావాల్సినవి రెండే. ఒకటి, ఇంటర్నెట్ మీదుగా తన కంపెనీ సర్వర్‌కి ఒక సొరంగం, అంటే ఐపీసెక్ టన్నెల్. రెండు, తానెక్కడుందో తెలియడానికి, టైమ్ సరిచూసుకోవడానికి జీపీఎస్. నెట్ మారినప్పుడు ఈ రెండిట్లో ఏది తెగిందో కనుక్కుంటే సగం పని అయినట్టే.

ముందు జీపీఎస్ లైటు చూడండి

సెట్టింగుల్లోకి దిగేముందు పెట్టె చోటు మారిందా అని చూసుకోండి. పాత కేబుల్ మోడెమ్ హాల్లో టీవీ పక్కన ఉండేది, బూస్టర్ కూడా అక్కడే కిటికీ దగ్గర ఉండేది. ఫైబర్ గేట్‌వేని (మోడెమ్, రౌటర్ కలిసిన పరికరాన్ని) తెచ్చి గరాజ్‌లోనో, క్లోజెట్‌లోని వైరింగ్ ప్యానెల్‌లోనో పెడతారు. దాంతోపాటు బూస్టర్ కూడా అక్కడికే వెళ్తుంది. అక్కడ నెట్ బ్రహ్మాండంగా ఉంటుంది, జీపీఎస్ మాత్రం అందదు. ఉపగ్రహాలు 20,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. వాటి సిగ్నల్ గోడ దాటడమే కష్టం. టెక్సస్ ఇళ్లలో వేడి ఆపడానికి అటక కప్పుకి వేసే అల్యూమినియం పొర, కిటికీ అద్దాలకి ఉండే లో-ఈ పూత (వేడి ఆపే సన్నని లోహపు పొర) కూడా దాన్ని ఆపేస్తాయి.

అందుకే పెట్టెని ఆకాశం కనిపించే కిటికీకి రెండు మూడు అడుగుల్లోపు పెట్టాలి. కొన్ని మోడళ్లకి జీపీఎస్ యాంటెనా విడిగా వైరుతో వస్తుంది. అలాంటప్పుడు యాంటెనాని కిటికీ గట్టు మీద పెట్టి, పెట్టెని లోపల ఉంచుకోవచ్చు. మొదటిసారి జీపీఎస్ పట్టడానికి గంట కూడా పట్టొచ్చు. పది నిమిషాలకోసారి ప్లగ్ పీకితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

గేట్‌వే గరాజ్‌లో, కిటికీ ఇంకో గదిలో ఉంటే మధ్యలో కేబుల్ ఎలా? క్యాట్5ఈ కేబుల్ 328 అడుగుల దాకా ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది, కాబట్టి 50 అడుగుల కేబుల్ కొని గోడవారగా లాగేయొచ్చు. గోడలో ఈథర్‌నెట్ జాక్ ఉండి కూడా పనిచేయకపోతే, ప్యానెల్‌లో ఆ గది వైరుని కొత్త గేట్‌వేకి ఎవరూ కలపలేదన్నమాట. ఇంకో మంచి మార్గం ఉంది: ఫైబర్ వచ్చాక పాత కేబుల్ టీవీ కోయాక్స్ ఖాళీగా పడి ఉంటుంది కదా, దానికి రెండు చివరలా మోకా అడాప్టర్లు పెడితే అదే ఈథర్‌నెట్ లైన్ అవుతుంది. బయట్నుంచి వచ్చే కేబుల్ కంపెనీ వైరుని మాత్రం స్ప్లిటర్ దగ్గర విప్పేయండి. కరెంటు ప్లగ్గుల మీదుగా నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు ఈ పనికి వద్దు. మిక్సీ ఆన్ చేసినప్పుడల్లా టన్నెల్ తెగితే ఎవరికి ఓపిక?

ఐదు నిమిషాల పరీక్ష

జీపీఎస్ బాగుండి, ఇంటర్నెట్ లేదా నెట్‌వర్క్ లైటు మాత్రం ఎర్రగా ఉంటేనో, ఆగకుండా మిణుకుమంటుంటేనో, ముందు అన్నిటినీ వరసగా రీస్టార్ట్ చేయండి. బూస్టర్, రౌటర్, మోడెమ్ మూడిటినీ ఆపి, రెండు నిమిషాల తర్వాత మోడెమ్, అది నిలకడగా వెలిగాక రౌటర్, ఆఖరికి బూస్టర్. ఎక్స్‌ఫినిటీ గేట్‌వే ఇంట్లో పరికరాలకి 10.0.0 తో మొదలయ్యే అడ్రసులిస్తుంది, ఏటీ అండ్ టీ ది 192.168.1 తో. పాత అడ్రసునే పట్టుకుని కూర్చున్న పెట్టె రీస్టార్ట్‌తో కొత్తది తీసుకుంటుంది. ఎప్పుడో దానికి స్టాటిక్ ఐపీ (మారని అడ్రసు) పెట్టి ఉంటే, దాన్ని తీసి డీహెచ్‌సీపీకి, అంటే రౌటరే అడ్రసు ఇచ్చే పద్ధతికి మార్చాలి.

అయినా లేవకపోతే, పెట్టె కంపెనీదే సిమ్ ఉన్న ఫోన్ ఒకటి తీసుకోండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, వైఫై ఒక్కటే ఆన్ చేసి, వైఫై కాలింగ్‌తో ఎవరికైనా ఫోన్ చేయండి. ఫోన్‌లో వీపీఎన్ ఉంటే ముందు తీసేయండి. వైఫై కాలింగ్ కూడా బూస్టర్ లాగే కంపెనీ సర్వర్‌కి ఐపీసెక్ సొరంగం వేసుకునే నడుస్తుంది. అవే యూడీపీ 500, 4500 పోర్టులు (డేటా వెళ్లే అంకెల ద్వారాలు) వాడుతుంది. కాల్ కలిసి ఐదు నిమిషాలు నిలిచిందంటే కొత్త నెట్‌లో దారి తెరిచే ఉందని, తప్పు పెట్టెలోనో కేబుల్లోనో ఉందని అర్థం. కలవకపోతే రౌటర్‌ని అనుమానించాలి. కస్టమర్ కేర్‌తో గంటసేపు మాట్లాడే బదులు ఇది చేసి చూడటం మేలు.

రౌటర్‌లో చూడాల్సినవి

పెట్టెకి కావాల్సిన దారులు ఇవి: సర్వర్ పేర్లకి అడ్రసులు వెతకడానికి (డీఎన్‌ఎస్) 53, టైమ్ కోసం యూడీపీ 123, సొరంగానికి యూడీపీ 500, 4500, రిజిస్ట్రేషన్‌కి 443. ఇవన్నీ లోపల్నుంచి బయటికి వెళ్లేవి. కనుక పోర్ట్ ఫార్వార్డింగ్ అవసరం లేదు. ఎవరో చెప్పారని నాలుగైదు రూల్స్ రాసి పెట్టుకుంటే అదనపు గందరగోళం తప్ప ఒరిగేదేమీ ఉండదు. చూడాల్సింది ఫైర్‌వాల్ స్థాయి. మ్యాగ్జిమమ్‌లో ఉంటే టిపికల్‌కి దించండి. ఐపీసెక్ పాస్‌త్రూ అని ఉంటే ఆన్ చేయండి. పిల్లల కోసం పెట్టిన పేరెంటల్ కంట్రోల్స్‌లో, గెస్ట్ నెట్‌వర్క్‌లో ఈ పెట్టె చిక్కుకోలేదు కదా చూడండి. గేట్‌వే పేజీ తెరవడానికి ఎక్స్‌ఫినిటీకి 10.0.0.1, ఏటీ అండ్ టీకి 192.168.1.254, వెరిజాన్ ఫియోస్‌కి 192.168.1.1, టీ-మొబైల్ హోమ్ ఇంటర్నెట్‌కి 192.168.12.1.

కంపెనీ గేట్‌వే వెనక మీ సొంత మెష్ రౌటర్ కూడా ఉంటే డబుల్ న్యాట్ అవుతుంది, అంటే అడ్రసులు మార్చే పని రెండు చోట్లా జరుగుతుంది. మామూలుగా బూస్టర్ దాన్ని తట్టుకుంటుంది. అయినా అనుమానం తీరాలంటే కేబుల్‌ని కాసేపు నేరుగా గేట్‌వేకే పెట్టి చూడండి. అక్కడ పనిచేస్తే అక్కడే ఉంచేయండి, లేదా గేట్‌వేని బ్రిడ్జ్ మోడ్‌కో ఐపీ పాస్‌త్రూకో మార్చండి, అప్పుడు అది రౌటర్ పనిని మీ మెష్‌కే వదిలేస్తుంది.

5జీ హోమ్ ఇంటర్నెట్‌కో ఉపగ్రహ నెట్‌కో మారినవాళ్ల సంగతి వేరు. అక్కడ పబ్లిక్ ఐపీ మీ ఒక్కరిదే కాదు, కంపెనీయే చాలా ఇళ్లకి కలిపి పంచుతుంది. ఆలస్యం కూడా క్షణక్షణానికీ మారుతుంటుంది. సొరంగం పడుతుంది, కాసేపటికి తెగుతుంది. దాన్ని మీ వైపునుంచి బాగుచేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. వైఫై కాలింగ్‌తో సరిపెట్టుకుని పెట్టెని వాపసు ఇచ్చేయడమే నయం.

లైటు పచ్చగా ఉంది, కాల్ మాత్రం కలవదు

ఇలాంటప్పుడు ఎంటీయూ, అంటే లైన్‌లో ఎంత పెద్ద ప్యాకెట్ వెళ్లగలదనే హద్దు చూడాలి. సొరంగం ప్రతి ప్యాకెట్‌కీ తన తొడుగు వేస్తుంది, దాంతో ప్యాకెట్ లావవుతుంది. కొత్త లైన్‌లో దారి ఇరుకైతే పెద్ద ప్యాకెట్లు చడీచప్పుడు లేకుండా పోతాయి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ping -f -l 1472 8.8.8.8 అని కొట్టండి. జవాబు వస్తే లైన్ 1500 తో నిండుగా ఉంది (1472కి హెడర్ల 28 కలిపితే 1500). రాకపోతే 1464 తో చూడండి. అది వెళ్తే పీపీపీఓఈ లైన్ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో కలిసే రకం) అయ్యుండొచ్చు, ఎంటీయూ 1492. అదీ వెళ్లకపోతే పదేసి తగ్గిస్తూ పోండి. వెళ్లిన అతిపెద్ద అంకెకి 28 కలిపి రౌటర్ వ్యాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) సెట్టింగ్‌లో ఎంటీయూగా పెట్టండి. సెంచురీలింక్ ఫైబర్ కొన్నిచోట్ల పీపీపీఓఈతో నడుస్తుంది, ఆ ఇళ్లలో ఇది తప్పక చూడాలి.

కాల్ కలిసి మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తే అప్‌లోడ్ నిండిపోతోందన్నమాట. ఒక కాల్‌కి సొరంగం బరువుతో కలిపి 100 కేబీపీఎస్ ఉంటే చాలు. కానీ పెళ్లి ఫోటోలు క్లౌడ్‌కి ఎక్కుతున్నప్పుడు ఆ కాస్తా దొరకదు. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ పరికరానికి ముందు దారి ఇవ్వాలో చెప్పే సెట్టింగ్) ఉంటే బూస్టర్‌కి మొదటి ప్రాధాన్యం ఇవ్వండి.

ఫ్యాక్టరీ రీసెట్‌ని అన్నిటికన్నా ఆఖరికి ఉంచుకోండి. అది చేస్తే సాఫ్ట్‌వేర్, రిజిస్ట్రేషన్ మళ్లీ మొదట్నుంచీ కావాల్సి రావచ్చు, గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు తీయకూడదు. నెట్‌తోపాటు ఇల్లు కూడా మారి ఉంటే మొబైల్ కంపెనీ అకౌంట్‌లో 911 చిరునామా మార్చడం మరిచిపోవద్దు. మార్చకపోతే అత్యవసరంలో పోలీసులు, అంబులెన్స్ పాత ఇంటికి వెళ్లొచ్చు. ఇంకో మాట: ఇక్కడ పనికిరాలేదని ఈ పెట్టెని ఊళ్లో అమ్మానాన్నలకి పట్టుకెళ్లకండి. జీపీఎస్ అమెరికా బయట ఉందని చెప్పగానే అది ఆగిపోతుంది, పైగా ఇండియాలో లైసెన్స్ లేకుండా ఇలాంటివి వాడటం నేరం.

పెట్టె లేచాక ఫోన్‌కి పది సెకన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీయండి, లేకపోతే బయటి టవర్‌నే పట్టుకుని వేలాడుతుంది. వైఫై కాలింగ్ కూడా ఆపి చూస్తేనే కాల్ పెట్టె మీదుగా వెళ్తోందో లేదో తెలుస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేస్తే, ఆండ్రాయిడ్‌లో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎంలో మైనస్ అంకెగా కనిపిస్తుంది (సున్నాకి దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ). అదే గదిలో మైనస్ 80 కన్నా మెరుగ్గా, అంటే మైనస్ 70, 60 వైపు ఉండాలి. ఇంకా మైనస్ 115 దగ్గరే ఉంటే ఫోన్ పెట్టెకి మారలేదు. బయట మొదలైన కాల్ మాట్లాడుతూ ఇంట్లోకొస్తే అది పెట్టెకి మారకుండా తెగిపోవచ్చు. అలాంటప్పుడు పెట్టేసి మళ్లీ చేయండి.