ఇంట్లోనే ఫ్రాంట్స్‌బ్రోట్షెన్ – మూడో పాఠం: బటర్ మడతలు, చెక్క గరిటె నొక్కు

ఫ్రాంట్స్‌బ్రోట్షెన్ అంటే జర్మనీలోని హాంబర్గ్‌లో చేసే, పొరలు పొరలుగా ఉండే దాల్చినచెక్క బన్ను. పోయిన పాఠంలో 500 గ్రాముల మైదా, 250 మిల్లీలీటర్ల పాలు, 70 గ్రాముల పంచదార, 50 గ్రాముల బటర్, 7 గ్రాముల డ్రై ఈస్ట్, ఒక టీస్పూన్ ఉప్పు వేసి కలిపిన ముద్ద రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాం కదా, దాన్ని ఇంకా బయటికి తీయకండి. ముందు బటర్ సంగతి చూడాలి. అసలు ఈ పాఠం మొత్తం బటర్ గురించే, ఇక్కడ తేడా వస్తే చివర్లో మనకి వచ్చేది మామూలు దాల్చినచెక్క బన్ను, హాంబర్గ్‌లో పొద్దున్నే కాఫీతో తినేది కాదు.

ఉప్పు లేని బటర్ 200 గ్రాములు తీసుకుని రెండు బేకింగ్ పేపర్ల మధ్య పెట్టి అప్పడాల కర్రతో కొడుతూ 18 బై 22 సెంటీమీటర్ల పలకలాగా చేయండి. ఒక్క టెస్ట్ గుర్తుపెట్టుకోండి చాలు, ఆ పలకని పేపర్‌తో సహా వంచితే విరగకుండా వంగాలి, అలాగని వేలుకి జిడ్డుగా అంటుకోకూడదు. నేను మొదటిసారి చేసినప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసిన బటర్‌ని తీసినట్టే పిండిలో పెట్టి ఒత్తేశాను, లోపల అది పెంకుల్లాగా ముక్కలైపోయి పిండిని చీల్చుకుని బయటికి వచ్చేసింది. చాలామంది బటర్ కరిగిపోతుందనే భయపడతారు గానీ మరీ గట్టిగా ఉన్నా అంతే నష్టం. పిండి ఎంత మెత్తగా ఉందో బటర్ కూడా అంతే మెత్తగా ఉండాలి.

ఇప్పుడు పిండి తీసి 40 బై 25 సెంటీమీటర్లకి ఒత్తండి, సగం మీద బటర్ పలక పెట్టి మిగతా సగంతో పుస్తకం మూసినట్టు మూసి అంచులు నొక్కేయండి. మళ్ళీ పొడవుగా ఒత్తి టవల్ మడిచినట్టు మూడు మడతలు వేసి, కవర్ చుట్టి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఇలా మొత్తం మూడుసార్లు చేయాలి, ప్రతిసారీ ముద్దని పక్కకి తిప్పి ఒత్తాలి. మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు, అంటే లోపల బటర్ 27 పొరలు అవుతుంది. ఓవెన్‌లో ఆ బటర్‌లో ఉన్న నీళ్ళు ఆవిరై పొరల్ని పైకి లేపుతాయి, అందుకే పొరలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకూడదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎండాకాలంలో చేస్తున్నవాళ్ళు అరగంట కాదు గంట పెట్టండి, పొద్దున్నే ఫ్యాన్ కింద చేసుకోండి, ఎక్కడన్నా బటర్ మెరుస్తూ పైకి కనిపిస్తే అక్కడితో ఆపి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేయండి, తొందరపడొద్దు.

ముద్ద ఫ్రిజ్‌లో ఉన్నప్పుడు ఒక మాట. ఫ్రాంట్స్ అంటే ఫ్రెంచ్, బ్రోట్షెన్ అంటే చిన్న బ్రెడ్డు. 1806 నుంచి 1814 దాకా నెపోలియన్ సైన్యం హాంబర్గ్‌లో ఉన్నప్పుడు ఇక్కడి బేకరీవాళ్ళు ఫ్రెంచివాళ్ళ క్రోసాన్ (నెలవంకలా ఉండే బటర్ పొరల బన్ను) చూసి చేశారని చెప్పుకుంటారు. నాకైతే ఇది నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే క్రోసాన్‌కి దారి వేసిన వియన్నా తరహా బేకరీని ఆగస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియా ఆయన ప్యారిస్‌లో తెరిచిందే 1830ల చివర్లో. ఫ్రాంట్స్‌బ్రోట్ అని బగెట్ లాంటి పొడవాటి బ్రెడ్డు ఒకటి ఉండేది, దాన్నుంచే ఇది పుట్టిందనే ఇంకో కథే నాకు దగ్గరగా అనిపిస్తుంది.

మూడో మడత చల్లబడ్డాక 60 బై 40 సెంటీమీటర్లకి ఒత్తండి, మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి. పైన కొంచెం నీళ్ళు బ్రష్‌తో రాసి, 150 గ్రాముల పంచదారలో రెండు టేబుల్ స్పూన్ల దాల్చినచెక్క పొడి కలిపి అంచుల దాకా చల్లండి. పొడవు వైపు నుంచి చాప చుట్టినట్టు గట్టిగా చుట్టి, అతుకు కిందికి పెట్టి, 5 సెంటీమీటర్ల ముక్కలు కోస్తే 12 వస్తాయి.

తాపేశ్వరం మడత కాజా చేయడం చూసినవాళ్ళకి ఇక్కడ ప్రాణం లేచొస్తుంది. అదే పద్ధతి, పొర చుట్టడం, ముక్కలు కోయడం, కర్రతో నొక్కడం, నొక్కితేనే కదా కాజా పొరలు విచ్చుకుని పాకం పీల్చేది! ఇక్కడ నొక్కడానికి చెక్క గరిటె కాడ తీసుకోండి. ముక్కని కోసిన వైపులు కుడిఎడమలకి ఉండేట్టు పెట్టండి. కాడని ఆ కోతలకి సమాంతరంగా సరిగ్గా మధ్యలో పెట్టి, కింద పీట తగులుతుందా అన్నంత వరకు ధైర్యంగా నొక్కండి. రెండు వైపులా ఉన్న చుట్లు పువ్వు రేకుల్లాగా పైకి తిరుగుతాయి. సగం సగం నొక్కితే ఓవెన్‌లో మళ్ళీ లేచి మూసుకుపోతుంది, అప్పుడది ఫ్రాంట్స్‌బ్రోట్షెన్ కాదు, ఈ ఆకారం కోసమే మనం ఇంత కష్టపడింది.

ట్రేలో దూరం దూరంగా పెట్టి 40 నిమిషాలు వదిలేయండి. త్వరగా పొంగుతుందని వేడి చోట పెట్టకండి, నేను ఒకసారి చలికాలంలో హీటర్ పక్కన పెడితే బటరంతా ట్రేలోకి కారిపోయి, కింద వేగిపోయి పైన పొర అనేదే లేకుండా తయారైంది. ఓవెన్ ముందే 190 డిగ్రీలకి వేడి చేసి 18 నుంచి 20 నిమిషాలు కాల్చండి. పైన ముదురు గోధుమరంగు రావాలి, లేత రంగులో తీస్తే లోపల పచ్చిగా ఉంటుంది.

తీసిన వెంటనే ముట్టుకోకండి, కారిన పంచదార పాకం చేతికి అంటితే బొబ్బ ఖాయం. ఐదు నిమిషాలాగి ట్రే నుంచి లేపి తిప్పి చూడండి, అడుగున ఆ పాకం గట్టిపడి గాజులాగా మెరుస్తూ ఉండాలి, కొరికితే ముందు టక్కుమని విరిగి తర్వాత లోపలి మెత్తదనం తగలాలి. అడుగు మెరవకుండా తడితడిగా ఉంటే ఇంకో మూడు నిమిషాలు ఓవెన్‌లో పెట్టండి.

నాలుగో పాఠంలో ఇదే ముద్దతో చాక్లెట్‌వి, ఎండుద్రాక్షవి, పైన ష్ట్రాయిజెల్ (మైదా, బటర్, పంచదార కలిపి పొడిపొడిగా నలిపింది) చల్లినవి చేద్దాం. ఈలోపు మీకు వచ్చిన 12లో ఒకటి అడ్డంగా కోసి పొరలు ఎలా విడిపోయాయో చూసి పెట్టుకోండి, అక్కడి నుంచే మొదలుపెడతాం.