పాత సామాను విప్పడానికి ఏ మోటారు స్క్రూడ్రైవర్ కొనాలి

నేను రోజూ పాత సీపీయూలు, సెట్‌టాప్ బాక్సులు విప్పుతాను. చేత్తో తిప్పీ తిప్పీ మణికట్టు వాచాకే మోటారుది కొన్నాను. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొనేటప్పుడు ఆర్‌పీఎం (తిరిగే వేగం) కాదు, టార్క్ (తిప్పే బలం) చూడండి. 3.6 వోల్టులు, 4 న్యూటన్ మీటర్లుంటే మా పనికి చాలు. మోటారు ఆగినప్పుడు బిట్, అంటే స్క్రూ తలలో దూరే మొన, బిగుసుకుని నిలబడాలి. అప్పుడే మొండి స్క్రూని ముందు ఆ డ్రైవర్‌తోనే చేత్తో పావు చుట్టు వదులు చేసి, అప్పుడే స్విచ్ నొక్కాలి.

మిగిలిన డబ్బు బిట్ల మీద పెట్టండి. నాసిరకం బిట్ అరిగిపోయి స్క్రూ తలను కొరికేస్తుంది, ఇక డ్రిల్లే గతి. సీపీయూకి పీహెచ్2 (ప్లస్ ఆకారం) బిట్, హార్డ్‌డిస్క్ మూతకి ఎక్కువగా టీ8 టార్క్స్ (నక్షత్రం ఆకారం) బిట్. ఆ మూతలో ఒక స్క్రూ స్టిక్కర్ కింద దాక్కుంటుంది. వేలితో నొక్కితే గుంట తగులుతుంది.

పవర్ సప్లై డబ్బాని మాత్రం ప్లగ్గు పీకిన వెంటనే విప్పొద్దు, కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.