కారు ఏసీ చల్లగా రావడంలేదా? గ్యాస్ కొట్టించే ముందు ఇవి చూసుకోండి

మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకి అలిపిరి చెకింగ్ లైన్లో కారు ఆగిపోయి, ఏసీలోంచి వేడిగాలి వస్తుంటే ఎట్లా ఉంటాదో తిరుపతోళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. చిత్తూరు నుంచి వచ్చిన మా మామయ్యోళ్ళని కొండకి తీసకపోతుంటే నాకు అదే జరిగింది, వెనక అత్తయ్య కొంగుతో విసురుకుంటా ఉంది, ముందు సీట్లో మామయ్య అప్పటికే తేల్చేసినాడు, "గ్యాస్ అయిపోయింటాది రా, రేపు పోయి కొట్టించు" అని. ఆరోజు తప్పు గ్యాస్‌ది కాదు, ఫ్యాన్‌ది. ఆ కథ కిందకి వస్తాది. కానీ అంతకుముందు మూడు ఎండాకాలాలు నేను కూడా అదే మాట నమ్మి, ఏటా మార్చిలో ఒక షాపుకి పోయి గ్యాస్ కొట్టించుకోని, దీపావళికల్లా మళ్ళీ వేడిగాలి పీల్చుకున్నోణ్ణే. నాలుగో ఏడు ఇంకొక మెకానిక్ చూసి చెప్పింది ఏందంటే, పైపు జాయింట్‌లో ఉండే చిన్న రబ్బరు ఓ-రింగ్ ఎండిపోయి లీకవుతా ఉందని. టీ తాగినంత ఖర్చు కూడా కాదు ఆ రింగు.

ముందు ఈ ఒక్క ముక్క బుర్రకి ఎక్కించుకోండి: ఏసీ గ్యాస్ పెట్రోల్ మాదిరి ఖర్చయిపోయేది కాదు. కంప్రెసర్ దాన్ని ఒత్తి వేడివేడిగా ముందుకి తోస్తాది, రేడియేటర్ ముందర ఉండే కండెన్సర్‌లో అది వేడి వదిలేసి ద్రవం అవుతాది, తర్వాత ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్న సందులోంచి దూరి డ్యాష్‌బోర్డ్ లోపలుండే కూలింగ్ కాయిల్‌లో మళ్ళీ ఆవిరి అవుతాది, ఆవిరయ్యేటప్పుడే చుట్టూ ఉండే గాలిలో వేడిని లాగేస్తాది. అదే గ్యాస్ తిరిగి తిరిగి అదే పని చేస్తా ఉంటాది. మన రోడ్లమీద చాలా కార్లలో ఉండేది ఆర్-134ఎ, మామూలు గాలి ఒత్తిడిలో ఇది మైనస్ 26 డిగ్రీలకే మరుగుతాది, అందుకే అంత చల్లదనం. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం పోవడం మామూలే, కానీ ఒక్క ఏడాదిలోనే తగ్గిపోయిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే, కొట్టించిన గ్యాస్ కూడా ఆ దారినే పోతాది.

కాబట్టి డబ్బులు పెట్టక్కర్లేనివి ముందు, షాపు పనులు చివర్లో. నేను చూసే వరస ఇది.

ముందు కొలవండి

"చల్లగా లేదు" అనేది ఒక్కోరికి ఒక్కో లెక్క. మెడికల్ షాపులో జ్వరం చూసేది కాదు, మైనస్ డిగ్రీలు కూడా చూపించే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి తెచ్చుకోండి. కారు నీడలో పెట్టి, ఇంజన్ ఆన్ చేసి, ఏసీ ఫుల్ కూల్, రీసర్క్యులేషన్ (కారు లోపలి గాలినే తిప్పే బటన్) ఆన్, అద్దాలన్నీ మూసి పది నిమిషాలు ఆగి మధ్య వెంట్‌లో థర్మామీటర్ పెట్టండి. బయట 38, 40 ఉండే రోజు వెంట్‌లో 10 డిగ్రీల చుట్టుపక్కల వస్తే మీ ఏసీ బాగానే ఉన్నట్టు, మీరు ఎండలో కారు పెడతా ఉన్నారంతే. 18, 20 చూపిస్తుంటే మిగతాది చదవండి. ఈ నంబర్ రాసి పెట్టుకోండి, తర్వాత రిపేరు చేయించినా తేడా ఇదే చెప్తాది.

అన్నట్టు, రీసర్క్యులేషన్ బటన్ నొక్కకుండా ఏసీ రావడంలేదని తిట్టుకునేవాళ్ళు చానామంది ఉన్నారు, మా బావ ఒకడు. అది ఆఫ్‌లో ఉంటే బయట 42 డిగ్రీల గాలిని లోపలికి లాగి చల్లబరచాలి, ఎంత మంచి ఏసీ అయినా ఆయాసపడతాది. ఎండలో నిలబెట్టిన కారు ఎక్కంగానే మాత్రం రెండు నిమిషాలు అద్దాలు దించి ఆ వేడంతా బయటికి పోనిచ్చి, తర్వాత మూసి రీసర్క్యులేషన్ వేయండి.

క్యాబిన్ ఫిల్టర్

గాలి చల్లగానే ఉంది కానీ ఫోర్స్ లేదు అంటే గ్యాస్ గురించి ఆలోచించనే వద్దు. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకాల ఈ ఫిల్టర్ ఉంటాది, గ్లవ్ బాక్స్ రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందకి వేలాడతాది, దాని వెనక ప్లాస్టిక్ మూత, మూత తీస్తే ఫిల్టర్, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. మా ఇంటి ముందర చింతచెట్టు ఉండాది, నీడ బాగుందని దాని కిందే పెట్టేవాణ్ణి, ఫిల్టర్ బయటికి లాగితే పులుసుకి సరిపోయేంత చింతాకు! ఆ ఆకు మరీ సన్నం కదా, వైపర్ల దగ్గరుండే జాలీలోంచి సులువుగా దూరిపోతాది. కాబట్టి ఆ జాలీ కూడా వారానికోసారి చేత్తో ఊడ్చేయండి.

ఫిల్టర్‌ని దులిపి మళ్ళీ పెట్టడం ఒకటి రెండు సార్లకే, పది పదిహేను వేల కిలోమీటర్లకి మార్చేయాలి, మట్టిరోడ్లలో తిరిగేవాళ్ళు ఇంకా ముందే. కొత్తది పెట్టేటప్పుడు దానిమీద ఉండే బాణం గుర్తు పాతది ఎటు ఉందో అటే ఉండాలి. ఫిల్టర్ బాగున్నా, బ్లోవర్ (లోపల గాలి కొట్టే ఫ్యాన్) నాలుగో నంబర్లో మాత్రమే తిరిగి ఒకటి రెండు మూడులో తిరగకుంటే దాని స్పీడు తగ్గించే రెసిస్టర్ పోయినట్టు, అది చిన్న పార్టే.

కండెన్సర్ కడగడం

ముందర గ్రిల్ లోంచి చూస్తే కనిపించే సన్న రేకుల జల్లెడ అదే. హైవేలో రాత్రిపూట వచ్చే పురుగులు, లారీల వెనక లేచే దుమ్ము, అన్నీ దానిమీదే అతుక్కుంటాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆఫ్‌లో, మామూలు గార్డెన్ పైపుతో నెమ్మదిగా పైనుంచి కిందకి కడగండి. వాటర్ సర్వీసింగ్ షాపులో ప్రెషర్ గన్ దగ్గరపెట్టి కొట్టనీయద్దు, ఆ రేకులు గోరు తగిలినా వంగేంత మెత్తన, వంగినాయంటే గాలి దూరదు. షాపోడికి ముందే చెప్పండి, చెప్పకపోతే కొడతాడు.

ఫ్యాన్, అసలు దొంగ

ఇప్పుడు అలిపిరి కథ. చంద్రగిరి దగ్గర్నుంచి రోడ్డుమీద స్పీడుగా వచ్చినంతసేపూ ఏసీ చల్లగానే ఉండాది, లైన్లో ఆగంగానే వేడి. ఇదే గుర్తు. కారు పోతా ఉంటే ఎదురుగాలి కండెన్సర్‌ని చల్లారుస్తాది, ఆగితే ఆ పని ఫ్యాన్ చేయాలి. మా ఫ్యాన్ కనెక్టర్ మాడిపోయింది, గ్యాస్ గ్రాము కూడా తగ్గలేదు.

చూసేది ఎట్లా అంటే, బానెట్ ఎత్తి, ఒకరు లోపల కూర్చోని ఏసీ ఆన్ చేస్తే కొద్దిసేపట్లోనే రేడియేటర్ దగ్గర ఫ్యాన్ తిరగాలి. చున్నీ, కొంగు, మెడలో గొలుసు, చేతులు అన్నీ దూరం, ఇంజన్ ఆఫ్‌లో ఉన్నా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగొచ్చు. తిరగకపోతే ఫ్యూజ్, రిలే (కరెంటు కలిపే చిన్న స్విచ్), కనెక్టర్, చివరికి మోటార్, ఈ వరసలో చూడమనండి. ఇంకో చిన్న కిటుకు, ఆగిన కారులో ఏసీ ఆన్‌లో ఉండంగా స్ప్రే బాటిల్‌తో గ్రిల్ లోంచి కండెన్సర్ మీద నీళ్ళు తుంపర కొట్టండి. వెంట్‌లో గాలి వెంటనే చల్లబడిందంటే తప్పు ఫ్యాన్‌లోనో, మురికి పట్టిన కండెన్సర్‌లోనో ఉన్నట్టు.

కంప్రెసర్ పట్టుకుంటా ఉందా

ఏసీ బటన్ నొక్కంగానే "టక్" అని శబ్దం, ఇంజన్ ఒక్క క్షణం దిగినట్టు అనిపించడం, అంటే కంప్రెసర్‌ని ఇంజన్‌కి కలిపే క్లచ్ పట్టుకుంది. బెల్టు తగులుకున్న పుల్లీ ఎప్పుడూ తిరుగుతానే ఉంటాది, దాని ముందరుండే ప్లేటు కూడా తిరుగుతుందా చూడండి, దూరం నుంచే. కొన్ని కొత్త కార్లలో క్లచ్ లేని కంప్రెసర్లు వస్తున్నాయి, వాటిలో ఈ టక్ వినపడదు, కంగారు పడొద్దు.

అసలు పట్టుకోకపోతే ముందు ఫ్యూజ్ చూడండి, తర్వాత రిలే, చాలా కార్లలో హారన్ రిలే అదే నంబర్‌ది ఉంటాది, మార్చి పెట్టి చూస్తే రిలే సంగతి నిమిషంలో తేలిపోతాది. గ్యాస్ మరీ తగ్గిపోయినా ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని పట్టనీయదు, అది కంప్రెసర్‌ని కాపాడడానికే, ఎందుకంటే దానికి కావాల్సిన ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతాది. కొందరు ఆ స్విచ్‌కి వైరు కలిపేసి బలవంతంగా నడిపిస్తారు, దయచేసి ఆ పని చేయనీయద్దు, కంప్రెసర్ తిరగకుండా జామ్ అయిపోతే లోపల ఇనుప రజను అంతా పైపుల్లోకి పోతాది, అప్పుడు కండెన్సర్, డ్రయ్యర్ (గ్యాస్‌లో తేమ పీల్చేది) కూడా మార్చాల్సి వస్తాది. టక్ టక్ అని కొన్ని సెకన్లకోసారి పట్టి వదులుతుంటే, ఆ లక్షణం మటుకు చానాసార్లు గ్యాస్ తక్కువైనప్పుడే వస్తాది.

లీక్ మీరే కనిపెట్టొచ్చు

గ్యాస్ కంటికి కనపడదు, కానీ ఆయిల్ కనపడతాది. పైపు జాయింట్లు, కండెన్సర్ అంచులు, కంప్రెసర్ ముందు భాగం, వీటి దగ్గర టార్చి వేసి చూడండి, ఒక్కచోట మాత్రం జిడ్డు పట్టి దానికి దుమ్ము అతుక్కోని నల్లగా ఉంటే లీక్ అక్కడే. సబ్బు నురగ పెడితే బుడగలు కూడా రావొచ్చు. గ్యాస్ ఎక్కించే వాల్వుల మీద ప్లాస్టిక్ మూతలు ఉండాయో లేదో చూసుకోండి, నా కార్లో ఒకటి ఎప్పుడో ఎవరో పెట్టడం మర్చిపోయినారు.

ఇంతవరకే మన పని. ఏ నట్టూ విప్పద్దు, లోపల ప్రెషర్‌లో ఉండే గ్యాస్ చేతికి, కంటికి తగిలితే మంచు కరిచినట్టు కాలిపోతాది. మంట దగ్గర ఈ గ్యాస్ వదిలితే విషపు ఆవిర్లు వస్తాయి, అందుకే బీడీ కాలుస్తా పనిచేసే మెకానిక్ దగ్గర్నుంచి నేను లేచి వచ్చేసినా.

షాపులో ఏం అడగాలి

గ్యాస్ కొట్టాలనే తేలితే, "గ్యాస్ ఎంత?" అని కాదు, "లీక్ టెస్ట్ ఎట్లా చేస్తావన్నా?" అని అడగండి. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి చూస్తానంటే మంచోడు. లీక్ మూసి, ఓ-రింగులు కొత్తవి వేసి, సిస్టమ్ విప్పినారు కాబట్టి డ్రయ్యర్ మార్చి, తర్వాత లోపలి గాలి, తేమ లాగేసే వ్యాక్యూమ్ పంపు కనీసం అరగంట నడపాలి. ఇక్కడే చానామంది ఐదు నిమిషాలతో సరిపెట్టేస్తారు. లోపల మిగిలిన గాలి కండెన్సర్‌లో ద్రవం కాదు, ఊరికే ప్రెషర్ పెంచుతాది, తేమ మిగిలితే వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తాది, ఆయిల్‌తో కలిసి లోపల తినేస్తాది. పంపు ఆపినాక పదిహేను నిమిషాలు గేజ్ ముల్లు కదలకుండా నిలబడాలి, మీరు అక్కడే కూర్చోని చూడండి, సిగ్గుపడక్కర్లే.

గ్యాస్ ఎక్కించేది తూకం మీదే. బానెట్ కింద స్టిక్కర్‌లో గ్యాస్ రకం, ఎన్ని గ్రాములు అని రాసుంటాది, చిన్న కార్లకి సుమారు 350 నుంచి 450 గ్రాములు. ఎక్కువేస్తే ఎక్కువ చల్లగా రాదు, ఉల్టా తగ్గుతాది. కొత్త కార్లలో కొన్నింటికి ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్, దాంట్లో ఇది, దీంట్లో అది పోయకూడదు. బయట 35 డిగ్రీలప్పుడు ఆర్-134ఎ కార్లో నీలం గేజ్ (తక్కువ ప్రెషర్ వైపుది) సుమారు 30 నుంచి 45 పీఎస్‌ఐ, ఎర్ర గేజ్ (ఎక్కువ ప్రెషర్ వైపుది) 200 నుంచి 250 దగ్గర ఆడుతుంటే బాగున్నట్టు. రెండూ తక్కువుంటే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువుంటే గ్యాస్ ఎక్కువేసినారు లేదా ఫ్యాన్ సరిగా లేదు. నీలం ఎక్కువ, ఎర్ర తక్కువ ఉంటే కంప్రెసర్ బలం తగ్గింది, జేబు గట్టిగా పట్టుకోండి.

వాసన, నీళ్ళు, కొండ

ఆన్ చేయంగానే తడిగోనె వాసన వస్తుంటే కూలింగ్ కాయిల్ మీద బూజు. ఇంటికి చేరే రెండు మూడు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపేసి బ్లోవర్ మాత్రం నడపండి, కాయిల్ ఆరిపోతాది. కారు కింద నీళ్ళు కారడం మంచిదే, అది కాయిల్ మీద పట్టిన తేమ. ఆ నీళ్ళు కింద పడకుండా లోపల కాళ్ళ దగ్గర మ్యాట్ తడుస్తుంటే డ్రైన్ పైపు మూసుకుపోయింది, మా కార్లో అదీ చింతాకు పనే.

తిరుమల ఎక్కేటప్పుడు, అంటే 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డులో, కారు నిండా జనం ఉంటే టెంపరేచర్ ముల్లు మీద ఒక కన్ను వేసుంచండి, పైకి పోతుంటే ఏసీ ఆపి అద్దాలు దించేయండి, కండెన్సర్ వేడి కూడా వెనకుండే రేడియేటర్ మీదే పడతాది కాబట్టి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కొన్ని కార్లు వాటంతటవే కంప్రెసర్‌ని కాసేపు ఆపుతాయి, అది రిపేరు కాదు. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు ఏసీ వేసుకోవచ్చు, ఇంజన్‌కి బరువేం ఉండదు.

చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ నడపండి, ఆయిల్ తిరగకుంటే సీళ్ళు ఎండిపోతాయి. గ్యాస్ కొట్టించిన రోజు తేదీ, ఎన్ని గ్రాములు, ఆరోజు వెంట్‌లో ఎంత డిగ్రీ వచ్చింది, ఈ మూడూ చీటీ మీద రాసి గ్లవ్ బాక్స్‌లో వేసుకోండి. నాది మూడేళ్ళ కిందటి చీటీ, వెంట్‌లో 9 అని ఉంది, మొన్న మళ్ళీ పెట్టి చూస్తే 10.