పాత వాక్యూమ్ క్లీనర్‌ని పారేసే ముందు

వాక్యూమ్ క్లీనర్ ఆన్ చేసి, పైపు కొసను అరచేత్తో గట్టిగా మూయండి. మోటారు గొంతు సన్నబడి, ఈల వేసినట్టు పైకి లేస్తుంది. మోటారు అవస్థ పడుతోందని భయపడి చాలామంది వెంటనే చెయ్యి తీసేస్తారు. నిజానికి జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. గాలి కదలడం ఆగింది కాబట్టి ఫ్యాను మీద భారం తగ్గింది, అందుకే మోటారు వేగం పుంజుకుంది. ఆ క్షణంలో అది లాగే కరెంటు కూడా తగ్గుతుంది. అలా కాకుండా, చెయ్యి మూసినా గొంతు మారకపోతే గాలి ఇంకెక్కడినుంచో లోపలికి దూరుతోందన్నమాట. ఎక్కడో పైపు చీలింది, లేదా ఎక్కడో రబ్బరు సీలు ఎండిపోయింది.

మా నాన్న నాకు నేర్పిన మొదటి పరీక్ష ఇది. ఆయన మోటార్లకు వైండింగ్ చేసేవారు. నాకు పదకొండేళ్లప్పుడు ఆయన బల్ల పక్కన నిలబడి, ఒక బూడిదరంగు ఇనుప డ్రమ్ము వాక్యూమ్ క్లీనర్ గొంతు వినడం నేర్చుకున్నాను. ఎవరో చెత్తలో వేస్తుంటే ఆయన అడిగి తెచ్చుకున్న యంత్రం అది. వయసులో నాకంటే పెద్దది. ఇవాళ్టికీ మా ఇల్లు దానితోనే ఊడుస్తున్నాను. మూయడం మాత్రం మూడు నాలుగు సెకన్లే. చాలా యంత్రాల్లో పీల్చిన గాలే మోటారు గుండా పోతూ దాన్ని చల్లారుస్తుంది. ఆ గాలి ఆగితే మోటారు లోలోపల కాగిపోతుంది. బ్యాగు నిండిపోయినా, ఫిల్టరు పూడుకుపోయినా జరిగేది ఇదే. నా చేతికి వచ్చిన కాలిపోయిన మోటార్లలో ఎక్కువ భాగం చచ్చింది పాతబడి కాదు, ఊపిరాడక.

కొత్తవాటి మీద నాకున్న బాధ కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ రాతకు కారణం అదే. నాలుగేళ్ల కిందట మంచి పేరున్న కంపెనీది ఒకటి కొన్నాను. మూడో ఏడు దుమ్ము డబ్బా మూతని పట్టి ఉంచే ప్లాస్టిక్ కొక్కెం విరిగింది. వేలి గోరంత ముక్క. అది విడిగా అమ్మరు, మొత్తం పైభాగం మార్చుకోవాలి అన్నారు. ఆ పైభాగం కూడా తయారీలో లేదు. సరే విప్పి చూద్దామని కూర్చుంటే రెండు స్క్రూలు స్టిక్కరు కింద దాగున్నాయి, మిగతా ఒళ్లంతా వేడితో అతికించేశారు. కోసి తెరిచాను. లోపలి మోటారు నిక్షేపంగా ఉంది. కార్బన్ బ్రష్షులు సగం కూడా అరగలేదు. దాన్ని చేతిలో పట్టుకున్నప్పుడు నాకు నిజంగా దుఃఖం వచ్చింది. ఇంకా పదేళ్లు తిరగగల మోటారు, గోరంత ముక్క కోసం చెత్తకు పోవాల్సి వచ్చింది.

అందుకని నేను చెప్పేది ఇంతే: నాణ్యత తగ్గింది మోటారులో కాదు, మోటారు దగ్గరికి మనల్ని చేరనిచ్చే దారిలో. పాతవన్నీ గొప్పవనీ నేను అనను. వాటిలో నాసిరకానివి ఎప్పుడో తుక్కయిపోయాయి, గట్టివే మిగిలి మన కంటికి కనిపిస్తున్నాయి. వాటి బరువు ఎక్కువ, మోత ఎక్కువ. గుడ్డ సంచిలోంచి సన్నటి దుమ్ము మళ్లీ గదిలోకే వస్తుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే పాతది వద్దు, సీలు సరిగా ఉన్న హెపా ఫిల్టరు యంత్రమే వాడండి. అమెరికా లెక్క ప్రకారం హెపా అనిపించుకోవాలంటే 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆపాలి. ఏ గుడ్డ సంచీ ఆ పని చేయలేదు.

ఇక పనిలోకి. మీ దగ్గరో, అటక మీదో పాతది ఒకటి ఉందనుకుందాం.

ప్లగ్గులో పెట్టి "తిరుగుతుందేమో చూద్దాం" అనకండి. ముందు తీగ చూడండి. పాత రబ్బరు తీగ గట్టిపడి, వంచితే పగుళ్లిస్తుంది. ముఖ్యంగా యంత్రంలోకి దూరే చోట, ప్లగ్గు మెడ దగ్గర. పగిలితే టేపు చుట్టకండి, మొత్తం మార్చండి. ఇనుప ఒళ్లున్న యంత్రానికి రెండు తీగలే ఉంటే, అంటే ఎర్త్ లేకపోతే, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత మూడు తీగల కేబుల్ వేయించి ఒంటికి ఎర్త్ కలిపించండి. మెగ్గర్, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటరు, ఉంటే అదే చేత్తో 500 వోల్టుల దగ్గర ఇన్సులేషన్ చూడమనండి. కనీసం 2 మెగా ఓములు రావాలని నా పట్టు. ఆరోగ్యంగా ఉన్న మోటారు అంతకు ఎన్నో రెట్లు చూపిస్తుంది. తేమలో పడి ఉన్నది తక్కువ చూపిస్తే నాలుగు రోజులు పొడిగా, వెచ్చగా ఉన్నచోట ఉంచి మళ్లీ చూడండి, తరచూ కోలుకుంటుంది.

లోపల స్విచ్ దగ్గర చిన్న కెపాసిటర్ ఉంటుంది, రేడియోలో గరగర రాకుండా పెట్టేది. పాతవాటిలో కాగితంతో చేసినవి ఉండేవి. పసుపచ్చగా, లోపలికి కనిపించే పెట్టె మీద వెంట్రుకంత పగుళ్లుంటే తేమ తాగేసిందని అర్థం. కరెంటిచ్చిన కాసేపటికి పొగ కక్కుతుంది. అది చూసి మోటారే కాలిందనుకుని యంత్రాన్ని పారేసినవాళ్లు నాకు తెలుసు. అది రెండు కరెంటు తీగల మధ్య ఉన్నదైతే, ఆ చోటుకి తగిన రకమని ఎక్స్2 గుర్తు ఉన్న, అదే విలువ గల కొత్తది వేస్తే సరిపోతుంది.

మొదటిసారి కరెంటు ఇచ్చేది సిరీస్ బల్బు ద్వారా. వంద, రెండొందల వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును మోటారుతో వరసలో కలిపితే, లోపల షార్టు ఉన్నా ఫ్యూజు ఎగరదు, బల్బు నిండుగా వెలిగి ఊరుకుంటుంది. మోటారు మెల్లగా కదిలి బల్బు కొంచెం మందగిస్తే మంచి సూచన. బల్బు నిండుగా వెలుగుతూ మోటారు అసలు కదలకపోతే, ప్లగ్గు తీసి ఫ్యానును చేత్తో తిప్పండి. తిరగకపోతే బేరింగ్ పట్టేసింది. హాయిగా తిరుగుతూ ఉంటే తప్పు వైండింగులో వెతకాలి.

బ్రష్షుల దగ్గర కొంచెం ఆగుదాం. వాక్యూమ్ క్లీనర్ ఆయుష్షు నిలిచేది ఇక్కడే. ఇవి రెండు కార్బన్ దిమ్మెలు, వెనక స్ప్రింగు నొక్కుతుంటే తిరిగే రాగి కమ్యుటేటర్‌ని ఒరుసుకుంటూ ఉంటాయి. అరగడమే వాటి పని. వాటిని తీసే ముందు ఏది ఏ పక్కదో, ఏ మొహం ఎటుందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. కొస ఒంపు కమ్యుటేటర్ గుండ్రానికి సరిపోయేలా అరిగి ఉంటుంది. తిప్పి పెడితే ఆ ఒంపు కుదరక నిప్పురవ్వలు లేస్తాయి. ఆరేడు మిల్లీమీటర్లకు తగ్గితే మార్చేయండి. అచ్చంగా ఆ మోడల్‌వే దొరకకపోతే కంగారు లేదు. వెడల్పు, మందం సరిపోయి, కొంచెం పొడుగున్నవి తెచ్చి చదునైన బల్ల మీద సన్న గరుకుకాగితం పరిచి రుద్ది సరిచేయవచ్చు. గూట్లో బ్రష్షు తన బరువుకే జారాలి. బిగుసుకుంటే స్ప్రింగు నొక్కలేదు, వదులైతే దడదడలాడుతుంది. కొత్తవి వేశాక అరగంటపాటు ఆ సిరీస్ బల్బు మీదే మెల్లగా తిప్పండి, ఒంపు దానంతటదే కుదురుకుంటుంది. మొదటి నిమిషంలోనే పూర్తి వేగం ఇచ్చి, కొత్త బ్రష్షుల్ని పాడుచేసుకున్న అనుభవం నాకుంది.

కమ్యుటేటర్ మీద గోధుమరంగు నిగారింపు ఉంటే దాన్ని తాకకండి. అది మురికి కాదు, కార్బనూ రాగీ కలిసి కట్టుకున్న పొర, అది ఉన్నంతకాలం బ్రష్షులు తక్కువ అరుగుతాయి. శుభ్రత మీద ప్రేమతో దాన్ని తళతళలాడేలా తోమేస్తే ఆయుష్షు తోమేసినట్టే. నల్లగా మాడి గరుకైతేనే సన్న గాజు కాగితంతో తేలిగ్గా రుద్దాలి. ఎమరీ కాగితం వద్దు, దాని రజను రాగి పలకల మధ్య ఇరుక్కుని దెబ్బతీస్తుంది. తర్వాత పలకల సందుల్లో పేరుకున్న కార్బన్ పొడిని గట్టి బ్రష్షుతో దులపండి. మల్టీమీటరుతో పక్కపక్క పలకల మధ్య కొలిస్తే అన్ని జతలకీ దాదాపు ఒకే విలువ రావాలి. ఒక జత ఒక్కసారిగా తేడా కొడితే ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) తీగ తెగిందో, షార్టయిందో. నడుస్తున్నప్పుడు కమ్యుటేటర్ చుట్టూ నిప్పు ఉంగరంలా తిరగడం కూడా దానికి గుర్తే. అప్పుడు వైండింగ్ తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లాల్సిందే.

బేరింగులు చాలా యంత్రాల్లో 608 నంబరువి. లోపలి రంధ్రం 8, బయటి గుండ్రం 22, మందం 7 మిల్లీమీటర్లు. ప్రపంచమంతా ఒకే కొలత, స్కేటింగ్ చక్రాల్లోనూ అవే. పాత యంత్రం మళ్లీ లేవగలగడానికి ఈ ఒక్క సంగతి ఎంత తోడ్పడుతుందో చెప్పలేను. ఫ్యాను ఊడదీసేటప్పుడు దాని నట్టు మర ఎటు తిరుగుతుందో చూసుకోండి, కొన్నిటికి ఎడమవైపు మర ఉంటుంది. పాత బేరింగును పుల్లరుతో లాగండి, సుత్తితో కొట్టకండి. కొత్తదాన్ని ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే నొక్కాలి. బయటి రింగు మీద నొక్కితే ఆ బలం గుండ్ల మీద పడి, కొత్త బేరింగే మొదటి రోజునుంచి గురగురలాడుతుంది. వేగంగా తిరిగే మోటారు కాబట్టి రబ్బరు సీలున్నదానికంటే ఇనుప మూతలున్నది, జెడ్ జెడ్ అని రాసి ఉండేది, తక్కువ వేడెక్కుతుంది.

సీళ్ల సంగతి తేలిక. ఎండిన రబ్బరు రింగులు తీసేసి అదే మందం స్పాంజి రబ్బరు పట్టీ అతికించండి. పైపు చీలిక కొసలో ఉంటే ఆ ముక్క కోసేసి మిగతాది మళ్లీ బిగించండి. ఆపైన అరచేత్తో మూసి గొంతు వినండి.

కొత్తదే కొనాల్సి వస్తే ఇదే కంటితో చూడండి. పెట్టె మీది వాట్ల అంకె మోటారు తినేది చెబుతుంది, పీల్చేది చెప్పదు. నా పాత యంత్రం 600 వాట్లది. మధ్యలో రెండు వేల వాట్లు దాటినవీ వచ్చాయి. యూరోపియన్ యూనియన్ 2014 సెప్టెంబరులో 1600 వాట్లకు, 2017 సెప్టెంబరులో 900 వాట్ల లోపుకు హద్దు పెట్టింది. దాంతో తయారీదారులు ఫ్యాను ఆకారం మీదా, గాలి దారుల మీదా బుర్ర పెట్టక తప్పలేదు. ఆ నియమంలోనే మోటారు కనీసం 500 గంటలు నడవాలనీ, పైపు 40,000 వంపులు తట్టుకోవాలనీ కూడా ఉంది. వారానికి గంటసేపు వాడితే 500 గంటలంటే తొమ్మిదేళ్లకు పైమాటే. మోటారుకి గడువు ఉన్నట్టే గోరంత కొక్కేనికీ ఉండుంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కిలోపాస్కల్ అంకె ఒక్కటే చూసి మోసపోకండి. అది గాలి పూర్తిగా ఆగినప్పటి లాగుడు. దుమ్మును మోసుకొచ్చేది గాలి ప్రవాహం. ఆ రెండూ కలిపి చెప్పేది ఎయిర్ వాట్లు, ఇచ్చి ఉంటే అది చూడండి.

షాపులో యంత్రాన్ని తిరగేసి స్క్రూలు కనిపిస్తున్నాయా చూడండి. మూత కొక్కేన్ని పదిసార్లు వేసి తీయండి. ఫిల్టరు, బెల్టు, పైపు, కొక్కెం విడిగా అమ్ముతారా అని అడిగి, ఆ భాగాల నంబర్లు చూపించమనండి. తీగ లేనిదైతే ఇంకొక్క ప్రశ్న ముఖ్యం: బ్యాటరీ మనమే మార్చుకోగలమా? లిథియం సెల్లు కొన్ని వందల ఛార్జింగులకు బలం తగ్గడం సహజం. అలాంటి చాలావాటిలో ఉండే బ్రష్షుల్లేని మోటారు ఇంకా ఎన్నో ఏళ్లు తిరగగలదు. బ్యాటరీ ఒంట్లోనే అతికించి ఉంటే అది వద్దనే చెబుతాను, ఎంత తేలిగ్గా, ఎంత అందంగా ఉన్నా.

పాతదాన్ని బిగించేశాక ఇంకొక్క పని ఉంది. మా నాన్న బ్రష్షులు మార్చిన ప్రతిసారీ మూత లోపలివైపు పెన్సిలుతో తేదీ వేసేవారు. నా బూడిదరంగు డ్రమ్ములో ఆయన చేతిరాతలో మూడు తేదీలున్నాయి, వాటి కింద నావి రెండు. ఎన్నేళ్లకు ఎంత అరుగుతున్నాయో ఆ అంకెలే చెబుతాయి, తర్వాతి జత ఎప్పుడు తెచ్చిపెట్టుకోవాలో లెక్క దొరుకుతుంది. బేరింగు నంబరూ, బ్రష్షు కొలతలూ కూడా అక్కడే రాయండి. మళ్లీ విప్పేది మీరే కానక్కర్లేదు.