మ్యాకా, విండోసా, లైనక్సా: సిస్టమ్ మార్చేముందు లోపం ఎక్కడుందో చూడండి

కంప్యూటర్ విసిగించిందంటే చాలు, ‘మ్యాక్ కొనేసెయ్’ అని ఒకరు, ‘లైనక్స్ ఎక్కించు’ అని ఇంకొకరు. కొన్నిసార్లు ఆ మాట నిజమే. కానీ కొన్ని తలనొప్పులు డిస్కువి, కొన్ని ఫాంటువి, కొన్ని ప్రింటరువి. సిస్టమ్ మార్చినా అవి మన వెంటే వస్తాయి. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో, డీటీపీ షాపుల్లో తరచూ తగిలేవాటిని ఇక్కడ చూద్దాం.

విండోస్ లాప్‌టాప్ ఆన్ చేస్తే చాలాసేపు కదలదు

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ‘డిస్క్’ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, ‘మెమరీ’ మాత్రం 60, 70 దగ్గరుంటే తప్పు చాలావరకు లోపల తిరిగే పాత హార్డ్ డిస్క్‌ది. విండోస్ 10, 11 వెనకాల ఎప్పుడూ ఏదో చదువుతూ, రాస్తూనే ఉంటాయి. ఆ వేగం తిరిగే డిస్క్‌కు అందదు. దాని బదులు తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ డిస్క్, 2.5 అంగుళాల సాటా రకం, 7 మిల్లీమీటర్ల మందంది, వేయించండి. పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు దాని మీదికి కాపీ (క్లోన్) చేస్తే సాఫ్ట్‌వేర్లు మళ్లీ ఎక్కించే పని ఉండదు. మెమరీయే 90 దాటుతుంటే ర్యామ్ 4 నుంచి 8 జీబీకి పెంచాలి. ముందు లోపల ఖాళీ స్లాట్ ఉందో లేదో చూడండి.

మ్యాక్‌లో ఈ రెండో దారి లేదు. ఎం1 నుంచి వచ్చిన మ్యాక్‌బుక్‌లలో ర్యామ్ చిప్‌తో కలిసే ఉంటుంది, కొన్నాక పెంచలేం. సెకండ్ హ్యాండ్‌లో 8 జీబీ ఎయిర్ చవగ్గా దొరికినా, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిచి ఉంచేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్‌లో సుమారుగా 8వ తరం కంటే పాత ప్రాసెసర్లను అది ఒప్పుకోదు. అలాంటి మెషీన్‌కు ఎస్ఎస్‌డీ వేసి లైనక్స్ మింట్ ఎక్కిస్తే బ్రౌజింగ్‌కు, ఉత్తరాలకు, పిల్లల చదువుకు హాయిగా నడుస్తుంది. అకౌంట్లకు టాలీ వాడేవాళ్లు మాత్రం ముందు డిజిటల్ సంతకం గురించి కింద రాసింది చదవండి.

రాత్రి మూత వేసి బ్యాగులో పెడితే పొద్దున్నకి వేడిగా, ఛార్జింగ్ సున్నా

ఇది నిజంగానే విండోస్ వైపు లోపం, మ్యాక్ వైపు బలం. ఇప్పటి విండోస్ లాప్‌టాప్‌లు చాలావాటిలో ‘మోడర్న్ స్టాండ్‌బై’ ఉంటుంది: మూత వేసినా నెట్‌వర్క్, అప్‌డేట్లు మేలుకునే ఉండొచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ‘చూజ్ వాట్ క్లోజింగ్ ద లిడ్ డస్’ దగ్గర బ్యాటరీ వరుసలో ‘హైబర్నేట్’ పెట్టండి. ఆ మాట జాబితాలో కనబడకపోతే, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ /హైబర్నేట్ ఆన్’ కమాండ్ ఇవ్వండి (ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి). మూత తెరిచాక కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే నష్టం.

తెలుగు ఫైలు వేరే సిస్టమ్‌లో చెదిరిపోయింది

ఇందులో రెండు జబ్బులున్నాయి, కలపకూడదు.

తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తే ఆ ఫైలు అను ఫాంట్లలో కొట్టింది. అది యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లూ ఒకేలా చదివే అక్షరాల కోడు) కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చిన పద్ధతి. పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్ ఉన్న విండోస్ మెషీన్ దాటితే దానికి దిక్కులేదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌కు మార్చుకోవాలి, మార్చాక ప్రూఫు తప్పదు. వత్తులు, కొటేషన్ గుర్తులు, మధ్యలో ఇంగ్లీషులో ఉన్న పేర్లు, అంకెలు ముందు చూడండి. పాత పుస్తకాల ఫైళ్లు చేతిలో ఉన్న డీటీపీవాళ్లు విండోస్ మెషీన్ ఒకటి అట్టిపెట్టుకోక తప్పదు.

అక్షరాలు సరిగ్గానే ఉండి, పేజీలు మాత్రం జరిగిపోతే అది ఫాంటు మార్పు. విండోస్‌లో నిర్మలా యూఐ లేదా గౌతమిలో ఉన్నది మ్యాక్‌లో ఆ ఫాంటు లేక కోహినూర్ తెలుగులోకి మారుతుంది. వెడల్పు, వరుసల మధ్య దూరం మారి 12 పేజీలు 14 అవుతాయి. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంటు ఒకటి రెండు చోట్లా వేసి అందులోనే కొట్టండి. ప్రింటుకే అయితే పీడీఎఫ్ పంపండి. వర్డ్‌లో ఫాంటు మార్చినా తెలుగు మారడం లేదంటే, ఫాంట్ డైలాగ్ బాక్స్‌లో ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అని వేరే గడి ఉంటుంది, అక్కడ మార్చాలి. తెలుగు ఆ గడి మాటే వింటుంది.

టైపింగ్ సంగతికొస్తే, డీటీపీలో ‘యాపిల్’ అనే తెలుగు కీబోర్డు లేఔట్‌కు చేయి అలవాటైనవాళ్లకు లైనక్స్ మంచిది. భాషల టైపింగ్ చూసే ఐబస్ ప్రోగ్రాముతోపాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే యాపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ లేఔట్లు మూడూ ఉచితంగా వస్తాయి.

మ్యాక్‌కు తగిలించిన హార్డ్ డిస్క్‌లోకి కాపీ కాదు

ఫైళ్లు కనిపిస్తాయి, తెరుచుకుంటాయి, పేస్ట్ మాత్రం పనిచేయదు. డిస్క్ విండోస్ ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంది. మ్యాక్ దాన్ని చదువుతుంది, రాయదు. డేటా వేరే చోటికి తీసి, డిస్క్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే మూడు సిస్టమ్‌లలోనూ నడుస్తుంది. ఫ్యాట్32 వద్దు, 4 జీబీ మించిన ఒక్క ఫైలు అందులో పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నలింగ్ (చేయబోయే మార్పులను ముందే రాసిపెట్టుకునే ఏర్పాటు) లేదు కాబట్టి ఎజెక్ట్ చేయకుండా ఊడబీకితే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఎక్కువ.

మ్యాక్‌లో వాడిన పెన్‌డ్రైవ్‌ను జిరాక్స్ షాపులో పెడితే ప్రతి ఫైలుకూ చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే జంట ఫైలు కనిపించడం వైరస్ కాదు. మ్యాక్ తన లెక్కలు రాసుకునే ఫైళ్లవి. ప్రింటుకు అవి ఇస్తే తెరుచుకోవు, రెండోది ఇవ్వాలి.

డిజిటల్ సంతకం టోకెన్ పెట్టినా ‘సర్టిఫికెట్ లేదు’ అంటుంది

జీఎస్టీ, టెండర్ల పోర్టళ్లలో వాడే డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. దానికి రెండు కావాలి: టోకెన్ డ్రైవరు, పోర్టల్ అడిగే సైనర్ ప్రోగ్రాము. మీ సిస్టమ్‌కు వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా పని జరగదు. విండోస్‌లోనే ఈ సమస్య వస్తే ‘రన్’లో ‘సర్ట్‌ఎంజీఆర్.ఎంఎస్‌సీ’ కొట్టి ‘పర్సనల్’లో మీ పేరుందో, గడువు దాటిందో చూడండి. పేరు లేకపోతే డ్రైవరు మళ్లీ వేయండి. ఉంటే సైనర్‌ను ఆపి, అడ్మినిస్ట్రేటర్‌గా మళ్లీ నడపండి.

మ్యాక్‌లో ప్యారలల్స్ అనే ప్రోగ్రాము వేసి అందులో విండోస్ నడుపుదామనే ఆలోచన ఇక్కడే దెబ్బతింటుంది. ఎం సిరీస్ మ్యాక్‌లో నడిచేది ఆర్మ్ విండోస్, అంటే వేరే రకం ప్రాసెసర్ కోసం చేసిన విండోస్. ఇంటెల్ మెషీన్లకు రాసిన డ్రైవర్లు అందులో ఎక్కవు. మ్యాక్‌లో విండోస్‌ను నేరుగా ఎక్కించే బూట్ క్యాంప్ కూడా ఈ మ్యాక్‌లకు లేదు. టాలీప్రైమ్ కూడా విండోస్ ప్రోగ్రామే. అందుకే జీఎస్టీ, టెండర్ల పని చేసే ఆఫీసుకు మామూలు ఇంటెల్ లేదా ఏఎండీ విండోస్ మెషీన్ ఒకటి ఉండాలి. దీనికి అడ్డదారులు వెతకడం సమయం దండగ.

విండోస్, లైనక్స్ రెండూ వేశాక గడియారం అయిదున్నర గంటలు వెనక్కి

మదర్‌బోర్డు గడియారంలో లైనక్స్ అంతర్జాతీయ సమయం ఉంచుతుంది. విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. మన దేశంలో ఆ తేడా 5:30. లైనక్స్ టెర్మినల్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ కమాండ్ ఇస్తే రెండూ ఒకే లెక్కకు వస్తాయి (ఇదీ ఇంగ్లీషు అక్షరాల్లోనే).

విండోస్ డ్రైవ్ లైనక్స్‌లో చదవడానికే తెరుచుకుంటే కారణం ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో డ్రైవ్‌ను పట్టుకునే ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లోనే దాని టిక్ తీసేయండి. బయాస్ (మదర్‌బోర్డు సెట్టింగులు)లో సెక్యూర్ బూట్‌ను ముట్టుకునేముందు, విండోస్ డిస్క్‌కు వేసే తాళమైన బిట్‌లాకర్ రికవరీ కీ రాసిపెట్టుకోండి. అది లేకుండా కీ అడిగే నీలం తెర దగ్గర ఇరుక్కుంటే లోపలి డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

లైనక్స్‌లో హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 పేరు కనిపిస్తుంది, కాగితం రాదు

ఈ ప్రింటరు ఆన్ అయిన ప్రతిసారీ దాని ఫర్మ్‌వేర్ కంప్యూటరే పంపాలి. హెచ్‌పీ వారి లైనక్స్ డ్రైవర్ల ప్యాకేజీ హెచ్‌పీలిప్‌తోపాటు ‘హెచ్‌పీ-ప్లగిన్’ కూడా నడిపి, ప్రింటరు ఆపి మళ్లీ ఆన్ చేయండి. కొత్తది కొనేటట్లయితే ఎయిర్‌ప్రింట్ (వేరే డ్రైవరు లేకుండా ప్రింటు చేసే పద్ధతి) ఉన్నది తీసుకోండి; మ్యాక్‌లోనూ, లైనక్స్‌లోనూ డ్రైవరు గొడవ చాలావరకు ఉండదు.

మ్యాక్‌బుక్ ఎయిర్‌కు రెండు మానిటర్లు తగిలిస్తే ఒక్కటే వెలుగుతుంది

కేబుల్ మార్చి లాభం లేదు. ఎం1, ఎం2 ఎయిర్‌లు బయటి తెర ఒక్కదాన్నే నడుపుతాయి. ఎం3 మూత వేస్తే రెండు, ఎం4 మూత తెరిచే రెండు. పాతదాంతోనే నెట్టుకురావాలంటే డిస్‌ప్లేలింక్ చిప్ (యూఎస్‌బీ ద్వారా అదనపు తెరను నడిపేది) ఉన్న డాక్ కొని, దాని సాఫ్ట్‌వేర్‌కు స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇవ్వాలి.