నీలగిరి ఘాట్‌లో బండి మొరాయిస్తే: సమస్య – పరిష్కారం

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, ఏడాదికి ఒకటి రెండుసార్లు బైకేసుకుని నీలగిరి వైపు వెళ్లకపోతే తోచదు. రూటు దాదాపు ఎప్పుడూ ఒకటే. మైసూరు, గుండ్లుపేట, బందీపూర్, మసినగుడి, అక్కడి నుంచి కల్హట్టి ఘాట్ ఎక్కి ఊటీ. మళ్లీ కోటగిరి మీదుగా మేట్టుపాళ్యం దిగి, సత్యమంగళం దాటి దింబం ఘాట్ ఎక్కి, చామరాజనగర్ మీదుగా ఇంటికి. తీరిగ్గా నాలుగు రోజులు. ఈ దారిలో నేనూ నాతో వచ్చినవాళ్లూ పడ్డ తిప్పలు రాస్తున్నాను. వీటిలో సగానికి బండిని తిట్టి లాభం లేదు. బెంగళూరు సిల్క్‌బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో మన చేతులకు పట్టిన అలవాట్లే ఘాట్‌లో కొంప ముంచుతాయి.

దిగుతుంటే బ్రేక్ లివర్ మెత్తబడింది

అన్నిటికంటే ప్రమాదమైంది ఇదే, అందుకే ముందు ఇది. కోటగిరి నుంచి మేట్టుపాళ్యం దాకా ముప్పై కిలోమీటర్లకు పైగా ఒకటే దిగుడు. వెనక మా బావమరిది, రెండు పక్కలా బ్యాగులు. సగం దారి దిగాక "బావా, ఏదో కాలుతున్న వాసనొస్తోంది" అన్నాడు. ఎవరో చెత్త తగలబెడుతున్నారులే అనుకున్నాను. తర్వాతి మలుపులో ముందు బ్రేక్ పట్టుకుంటే లివర్ స్పాంజి పిసికినట్టు హ్యాండిల్ దాకా వచ్చేసింది, బండి మాత్రం అలాగే పోతోంది.

కారణం తేలికే. బండి, ఇద్దరు మనుషులు, సామాను కలిపితే 350 కిలోల దాకా ఉంటుంది. ఆ బరువు 1,400 మీటర్లు దిగేసరికి ఒక పెద్ద బకెట్ చన్నీళ్లు మరిగేంత వేడి పుడుతుంది. అందులో కొంత గాలికి, కొంత ఇంజిన్‌కు పోకుండా మనం అంతా బ్రేకుల మీదే వేస్తే డిస్కు, ప్యాడ్లు, వాటి నుంచి బ్రేక్ ఆయిల్ కాగిపోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 (బ్రేక్ ఆయిల్‌లో ఒక రకం) ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ చేరాక అది 155కి పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, లివర్ నొక్కితే ఆ బుడగలు నలుగుతాయి తప్ప ప్యాడ్లు కదలవు. నా బండిలో ఆయిల్ మార్చి అప్పటికి మూడేళ్లు దాటింది.

అప్పటికప్పుడు చేయాల్సింది: లివర్‌ను గబగబా రెండు మూడుసార్లు పంపు కొట్టినట్టు కొట్టండి, కాస్త పట్టు తిరిగొస్తుంది. ఒక్కో గేరు దించుతూ, వెనక బ్రేక్ వాడుతూ చోటు కనపడగానే పక్కకు ఆపండి. అరగంట బండి ముట్టుకోవద్దు. వేడి డిస్కు మీద నీళ్లు అసలు పోయొద్దు, వంకర తిరుగుతుంది. చల్లారాక కూడా లివర్ మెత్తగానే ఉంటే లైన్‌లో గాలి చేరినట్టు, లేదా ఆయిల్ కారుతున్నట్టు. అలా ఉంటే ఇక నడపొద్దు, మెకానిక్‌నే పిలిపించుకోండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించండి, ఏ గేరులో ఎక్కగలిగే దారో అదే గేరులో దిగండి. మలుపుకు ముందు గట్టిగా ఒకసారి బ్రేక్ వేసి వదిలేయాలి. ట్రాఫిక్‌లోలాగా రెండు వేళ్లు లివర్ మీదే ఆన్చి దారంతా కొద్దికొద్దిగా నొక్కుతూ దిగితేనే ఈ గతి పడుతుంది. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో జారుకుంటూ దిగేవాళ్లను ఇప్పటికీ చూస్తుంటాను. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే చాలావరకు పెట్రోల్ సరఫరానే ఆగిపోతుంది, ఇంజిన్‌ను చక్రమే తిప్పుతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి పెట్రోల్ తాగుతూనే ఉంటుంది. మిగిలేదేమిటో వాళ్లకే తెలియాలి.

ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది, బండి కదలట్లేదు

ముందు ఇది క్లచ్ గొడవా, పికప్ గొడవా తేల్చుకోండి. ఇంజిన్ చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. రెండూ పెరగకపోతే గాలి గొడవ, దాని సంగతి కింద చెప్తాను.

కల్హట్టిలో 36 హెయిర్‌పిన్‌లు, అంటే జడపిన్నులా వెనక్కి వంగే మలుపులు. ప్రతి మలుపులోనూ హాఫ్ క్లచ్ మీద (క్లచ్ సగమే వదిలి) బండిని ఆపి లాగితే ప్లేట్లు వేడెక్కి ఉబ్బుతాయి, లివర్ దగ్గరున్న వదులు కాస్తా పోతుంది, దాంతో మనం వదిలేసినా క్లచ్ పూర్తిగా పట్టదు. ఆపి, ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి. కేబుల్ క్లచ్ అయితే లివర్ చివర సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర వదులు ఉందో లేదో చూసి, లేకపోతే అడ్జస్టర్ తిప్పి వదులు చేయండి. తర్వాత మలుపులోకి రాకముందే ఫస్ట్ గేరుకు దించి, క్లచ్ పూర్తిగా వదిలేసి యాక్సిలరేటర్‌తోనే ఎక్కండి.

ఇంకో కారణం చాలామందికి తట్టదు. దారిలో ఆయిల్ తగ్గిందని కారు ఇంజిన్ ఆయిల్ పోయిస్తారు. చాలా బైకుల్లో క్లచ్ ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, కారు ఆయిల్‌లో జారుడు కోసం కలిపేవి క్లచ్‌ను కూడా జార్చేస్తాయి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని (ఇలాంటి బైకు క్లచ్‌కు పనికొస్తుందనే గుర్తు) ఉంటేనే పోయించండి.

ఊటీ చేరేసరికి పికప్ చచ్చిపోయింది

బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటే ఊటీ 2,240 మీటర్లు. గాలి పల్చబడితే ఇంజిన్‌కు అందే ఆక్సిజన్ తగ్గి పది శాతానికి పైగా బలం పోతుంది. ఇది రోగం కాదు. గేరు దించి వెళ్లండి, ఎయిర్ ఫిల్టర్ ఒకసారి దులపండి. పాత కార్బొరేటర్ బండి నల్లగా పొగ వదులుతుంటే అక్కడి మెకానిక్ పెట్రోల్ పాలు తగ్గించడానికి స్క్రూ తిప్పుతానంటాడు, ఒప్పుకోకండి. మేట్టుపాళ్యం దిగేసరికి అదే సెట్టింగ్‌తో ఇంజిన్ కాగుతుంది.

హెయిర్‌పిన్ మధ్యలో ఆగి, పక్కకు ఒరిగిపోయింది

మన కళ్లు ముందు చక్రం మీద ఉంటే బండి అక్కడికే వెళ్తుంది. తల తిప్పి మలుపు అవతలి చివరను చూడండి. లోపలి అంచు బాగా నిటారుగా ఉంటుంది, కాబట్టి ఎదుట బండి లేదని తేల్చుకుని, మన వైపులోనే కాస్త వెడల్పుగా తిరగండి. పైనుంచి బస్సు దిగుతుంటే, దారి ఇరుకైన చోట ఎక్కేవాళ్లకే ముందు దారివ్వాలని రూల్ ఉంది. కానీ బస్సుతో వాదన పెట్టుకునేదెవరు, ఆగండి.

చైన్ కూస్తోంది, గేరు మార్చినప్పుడల్లా కుదుపు

బయల్దేరే ముందురోజు సర్వీసు చేయించాను కదా అని ధీమాగా ఉంటాం. నాకు సర్వీసు చేసినచోటే చైన్ టైటుగా బిగించి పంపారు. ఖాళీ బండి మీద బాగానే అనిపించింది. మనిషీ సామానూ ఎక్కి వెనకభాగం కుంగేసరికి తీగలా బిగుసుకుపోయి మైసూరు దాటకముందే కూత మొదలైంది. కింది వరస మధ్యలో వేలుపెట్టి ఆడిస్తే చాలా బండ్లకు రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి, మీ బండి లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. వెనక యాక్సిల్ నట్టుకు సరిపడే పానా వెంట పెట్టుకోండి, కంపెనీ టూల్ కిట్‌లో చాలాసార్లు అదే ఉండదు.

బండి బాగానే ఉంది, మనల్నే ఆపేశారు

మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీద 2023 ఆగస్టు నుంచి టూవీలర్లను రానివ్వరు, సర్వీస్ రోడ్డే గతి, ఆ లెక్కన గంట అదనంగా వేసుకోండి. బందీపూర్ అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూత, ఇది 2009 నుంచీ ఉన్నదే. నీలగిరికి వెళ్లే బయటి బండ్లకు కోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఈ-పాస్ పెట్టారు, ఇంట్లోనే తీసుకుని ఫోన్‌లో దాచుకోండి. ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు చెక్‌పోస్టులో తీసేసుకుంటారు, స్టీలు బాటిల్ పట్టుకెళ్లండి. కల్హట్టి ఎక్కడానికే, ఊటీ నుంచి అటు దిగుతామంటే బయటి బండ్లను వెనక్కి పంపేస్తారు. ఎందుకో పైన బ్రేకుల సంగతి చదివితే తెలుస్తుంది.

ఎదురుగా ఏనుగు

దింబంలో 27 హెయిర్‌పిన్‌లు, చుట్టూ పులుల అభయారణ్యం, రాత్రి ఆంక్షలూ ఉన్నాయి. సాయంత్రం ఐదులోపే దాటేయండి. ఏనుగు రోడ్డు మీదుంటే దూరంగానే ఆగండి. హారన్ వద్దు, ఇంజిన్ రేజ్ చేయొద్దు, సెల్ఫీ అసలే వద్దు. ఇంజిన్ మాత్రం ఆపకండి. వెనక్కి తిప్పుకునే చోటు ముందే చూసుకుని, అటుగా వచ్చే బస్సో లారీయో వచ్చేదాకా ఆగి, దాని వెనకాలే మెల్లగా కదలండి. మొన్నటిసారి మేం అలా నలభై నిమిషాలు నిలబడ్డాం, ఆ ఏనుగు వెదురు రెమ్మ ఒకటి తీరిగ్గా నమిలి అయిపోయాకే కదిలింది.